ఉద్యోగం ఇంటికొచ్చిన రోజు నేను ట్యాంకు వెనక ఉన్నాను

చేస్తున్న ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లను మీరు చాలామందిని చూసి ఉంటారు. చేరకముందే, ఎవరూ పొమ్మనకముందే, సొంతింటి డాబా మీద నీళ్ల ట్యాంకు వెనక గొంతుక్కూర్చుని ఉద్యోగం పోగొట్టుకున్నవాణ్ణి మాత్రం చూసి ఉండరు. ఆ లోటు ఇవాళ తీరుస్తాను. ముందే చెబుతున్నాను, చివరికి అంతా మంచే జరుగుతుందని ఆశపడి చదవకండి. ఈ మొత్తం వ్యవహారంలో కడుపు నిండింది మా గల్లీ మేకకు ఒక్కదానికే. అదెలాగో దాని వంతు వచ్చినప్పుడు చెబుతాను.

మాది దబీర్‌పురా, పాతబస్తీలో రైల్వే స్టేషన్ వెనక గల్లీ. రైలొచ్చిందంటే మా వంటింట్లో గ్లాసులు ఒకదానితో ఒకటి ముచ్చట్లు పెట్టుకుంటాయి. మా బాపు నీళ్ల శాఖలో లైన్‌మన్. పొడుగాటి ఇనుప రాడ్డు భుజాన వేసుకుని పోయి, రోడ్డు మీది మూత తీసి, లోపలికి రాడ్డు దించి తిప్పితే గల్లీ నల్లాల్లో నీళ్లు వస్తాయి. తిప్పకపోతే రావు. అందుకని మా ఇంటికి ఉన్న మర్యాద మూడంతస్తుల మేడలవాళ్లకు కూడా లేదు. చిన్నప్పుడు నేను ఎవరి కిటికీ అద్దం పగలగొట్టినా "పోనీ తియ్యి, నల్లా సార్ కొడుకు" అని సరిపెట్టుకునేవాళ్లు. నా పతనానికి పునాది అక్కడే పడింది.

నేను డిగ్రీ ఆఖరి సంవత్సరంలోకి వచ్చేసరికి బాపు రిటైర్‌మెంటు దగ్గర పడింది. ఆ రాడ్డు అప్పగించేలోపు ఇంట్లో ఇంకో జీతం మొదలైతే చాలని ఆయన ఆశ. ఆ మాట ఎప్పుడూ నోటితో అనలేదు. డ్యూటీ నుంచి తడిసిన ప్యాంటుతో వచ్చి, నా పుస్తకాల వైపు చూసి, "మంచిగ చదువు" అనేవాడు. అంతే. తిట్టినా బాగుండేది. ఆ రెండు ముక్కలు విన్న పూట నాకు ముద్ద దిగేది కాదు. పైగా నాకంటే ముందు డిగ్రీలు పాసైన మా గల్లీ అన్నలు గల్లీ మొగదల ఖలీల్ భాయ్ చాయ్ దుకాణం బెంచీ మీద వరసగా కూర్చుని ఫోన్లు చూసుకుంటూ ఉండేవాళ్లు. ఆ బెంచీ చివర కాస్త జాగా ఖాళీగా ఉండేది. అది నాకోసమే ఆపి ఉంచారేమోనని భయమేసేది.

మా కాలేజీలో ఉద్యోగాలకు సిద్ధం చేయడానికి మూర్తి సార్ అని ఒకాయన వచ్చేవారు. కోస్తా వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. వేసవిలో కూడా టై తీయరు.

"చూడండి బాబూ," అనేవారు, "అవకాశం అనేది మిమ్మల్ని వెతుక్కుంటూ మీ గుమ్మం దాకా వస్తుందండి. వచ్చినప్పుడు మీరు అందుబాటులో ఉండాలి. సగంమంది అక్కడే చెడిపోతారు."

మేమంతా రాసుకున్నాం. నేనైతే కింద గీత కూడా గీసుకున్నాను. తర్వాత నేను చేసిన ఘనకార్యం తెలిస్తే ఆ గీత సిగ్గుతో వంకర పోతుంది.

మూర్తి సార్ చెప్పినవన్నీ నేర్చుకున్నాను. అద్దం ముందు నిలబడి "నా గురించి నేను" అని ఇంగ్లీషులో చెప్పుకున్నాను. మొదట్లో పుట్టిన ఆసుపత్రి నుంచి మొదలుపెట్టేవాణ్ణి, సార్ కోసి కోసి డిగ్రీ దగ్గరికి తెచ్చారు. నా బలం కష్టపడి పనిచేయడం, నా బలహీనత మరీ ఎక్కువ కష్టపడటం అని చెప్పడం నేర్చుకున్నాను. అబద్ధాన్ని కళ్లలోకి చూసి చెప్పాలట. గ్రూప్ డిస్కషన్ మాత్రం ఎవరూ నేర్పలేదు. నల్లా దగ్గర బిందెల వరసలో పెరిగినవాడికి అదొక లెక్కా? మా ఎదురింటి యాదమ్మత్త ఒక్కతే నలుగురు మేనేజర్ల నోరు మూయించి కూర్చోబెడుతుంది.

పెద్దలు ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను వరస తప్పించి ముందు రచ్చ గెలిచాను. ఒక బీమా కంపెనీ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. ఇంటర్వ్యూలో ఒక మేడమ్ "ఐదేళ్ల తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు?" అని అడిగింది. మీ టీమ్ లీడర్ కుర్చీలో అని తడుముకోకుండా చెప్పాను. వచ్చే వారం ఎక్కడుంటారని అడిగి ఉంటే ఆమెకు అసలు సంగతి తెలిసేది.

ఆ సాయంత్రం బాపు రాడ్డు తీసి గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. తుడవాల్సినంత మురికి దానికి లేదు. అమ్మ గల్లీ అంతా లడ్డూలు పంచింది. మా ఎదురింటి గడపలో కూర్చుని పూలు కట్టి అమ్మే యాదమ్మత్త, "నువ్వు నౌకరీల జేరే దినం నీ మెడల బంతిపూల దండ ఏస్త అల్లుడా. పైస తీస్కోను" అని మాటిచ్చింది.

ఒక్క మెలిక మిగిలింది. చేరేముందు కంపెనీ తరఫు మనిషి ఇంటికి వచ్చి, చెప్పిన చిరునామాలో మనం ఉన్నామో లేదో చూసి, ఇంట్లోవాళ్ల సంతకం తీసుకుని పోతాడట. మూర్తి సార్‌ను అడిగితే "ఏముందండీ, ఎవరో ఒకాయన వస్తాడు, మర్యాదగా మాట్లాడండి" అన్నారు. ఆ ఎవరో ఒకాయనకు నేను మనసులోనే సూటు కుట్టించాను, టై కట్టాను, చేతిలో తోలు సంచీ పెట్టాను, కారు కూడా ఇప్పించాను. తర్వాత గల్లీలో అందరికీ చెప్పాను.

"ఖలీల్ భాయ్, ఒక సూటు సార్ వస్తడు. నా గురించి మంచిగ చెప్పాలె."

"అరె బేటా, చెప్పుడేంది, కుర్చీ ఏసి మలాయి చాయ్ తాపిస్త. ఫికర్ నక్కో, నేనున్న."

ఇక్కడ ఆగి, మీకు ఒక ముక్కు కథ చెప్పాలి. అది లేకుండా మిగతాది అర్థం కాదు.

అంతకు రెండేళ్ల ముందు బహదూర్‌పురా వైపు ఒక ఖాళీ జాగాలో కిషన్‌బాగ్ పోరగాళ్లతో మాకు క్రికెట్ మ్యాచ్ పడింది. వాళ్ల ఫాస్ట్ బౌలర్ సుధాకర్. తాటిచెట్టంత మనిషి, పరుగెత్తుకొస్తుంటే దుమ్ము ముందు వచ్చేది. నా బ్యాటు నాదే. పిడికి చుట్టిన రబ్బరు ఊడిపోయి ఉంది, దాని మీద నల్ల స్కెచ్ పెన్నుతో "మహేశ్, దబీర్‌పురా" అని పెద్దగా రాసుకున్నాను. బంతి వచ్చింది. కళ్లు మూసుకుని ఊపాను. బంతి వికెట్ల మీదికి, బ్యాటు చేతిలోంచి జారి ఎదురుగా వస్తున్న సుధాకర్ ముక్కు మీదికి వెళ్లాయి. అవుటైంది నేనే, పడిపోయింది అతను.

రక్తం చూశాను. దగ్గరికి పోయి "అన్నా, తప్పయింది" అంటే సరిపోయేది. నోరు రాలేదు. కాళ్లు మాత్రం వచ్చాయి. పరుగెత్తాను. వెనక కిషన్‌బాగ్ పోరగాళ్లు "పకడో బే! నీ ఇంటికొచ్చి కొడ్తం!" అని అరవడం వినిపించింది. బ్యాటు అక్కడే వదిలేశాను. ఆ తర్వాత ఆ దిక్కు పోలేదు. చుట్టాల పిల్లలు ఆ దిక్కే ఉన్న జూపార్కుకు తీసుకుపొమ్మంటే జ్వరం తెచ్చుకున్నాను. మాఫీ అడగాలని అప్పుడప్పుడు అనిపించేది. రేపు పోదాం అనుకునేవాణ్ణి. ఆ రేపు రెండేళ్లు నడిచింది.

ఇక అసలు రోజు. వాన కురిసి వెలిసింది. డాబా మీద నిలబడి, కొత్త ఆఫీసులో మొదటి రోజు నన్ను నేను ఎలా పరిచయం చేసుకోవాలో నీళ్ల ట్యాంకుకు ఇంగ్లీషులో చెబుతున్నాను. ట్యాంకు శ్రద్ధగా వింటోంది. ఇంతలో ఖలీల్ భాయ్ దుకాణం ముందు ఒక బండి ఆగింది. బండి మీది మనిషి హెల్మెట్ తీశాడు. నడిమధ్యలో కొంచెం పక్కకు తిరిగిన ముక్కు. సుధాకర్! వీపుకు సంచీ. సంచీలోంచి బయటికి పొడుచుకొచ్చిన బ్యాటు పిడి!

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటారని సామెత. నేను ముక్కు తడుముకుని, ట్యాంకు వెనక కూలబడి, ఖలీల్ భాయ్‌కి ఫోన్ కొట్టాను.

"భాయ్, నేను మహేశ్‌ని. పైకి చూడకు!"

ఖలీల్ భాయ్ వెంటనే పైకి చూశాడు.

"చూడకంటే చూస్తవేంది భాయ్! నీ ముందల గా బండోడు నన్ను కొట్టనీకి వచ్చిండు. బ్యాటు చూసినవా? నేను లేనని చెప్పు. నీ కాళ్లు మొక్కుత."

"అరె, గంత పనా?" అని ఆయన గొంతు తగ్గించాడు. "నల్లా సాబ్ కొడుకు మీద చెయ్యి లేస్తదా ఈ గల్లీల? మేం గా నీళ్లు తాగుతలేమా? నువ్వు కూసో బేటా. నేను చూస్కుంట."

ఆయన చూసుకున్నాడు. ఎంత బాగా చూసుకున్నాడో పైనుంచి నాకు వినబడుతూనే ఉంది.

"భాయ్, మహేశ్ అనేటాయన ఇల్లు యాడ?" అని సుధాకర్ అడిగాడు.

"కౌన్ మహేశ్?"

"లైన్‌మన్ సార్ కొడుకు."

"లైన్‌మన్ సాబ్‌కి కొడుకేడున్నడు మియా? గా పేరు మనిషి ఈ గల్లీల పుట్టనే లేదు."

సుధాకర్ ఫోన్ వైపు చూసుకున్నాడు. ఎదురుగా పూలు కడుతున్న యాదమ్మత్త దగ్గరికి పోయాడు. అప్పటికే ఖలీల్ భాయ్ ఆమెకు కన్ను గీటాడు.

"అమ్మా, మహేశ్..."

"గా పోరడా? దుబాయి పోయిండు బిడ్డా."

"గా చాయ్ ఆయన పుట్టనే లేదంటుండు?"

యాదమ్మత్త దారం పళ్లతో తెంపి నిట్టూర్చింది. "పుట్టిండు, పోయిండు. గంతే బిడ్డా, మనిషి బతుకు."

ట్యాంకు వెనక నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నా మీద ఇంత ప్రేమ పెట్టుకున్న గల్లీ ఇంకెక్కడైనా ఉంటుందా అని. నిజంగానే ఉండదు. ఉంటే ఆ గల్లీవాడు కూడా నాలాగే నాశనమై ఉంటాడు.

సుధాకర్ మొండివాడు. నేరుగా మా గడప దగ్గరికే వచ్చాడు. అమ్మ బయటికి వచ్చింది. యాదమ్మత్త ఎదురింటి నుంచి తల అడ్డంగా ఊపుతూ చేతితో బ్యాటు ఆడించి చూపించింది. అమ్మకు విషయం ఎక్కింది.

"అమ్మా, మహేశ్ ఇల్లు ఇదేనా? ఆఫీసు పని మీద వచ్చిన. ఒక సంతకం కావాలె."

ఆఫీసు అన్న మాట నాకూ వినబడింది. వీడు ఎంత తెలివైనవాడో చూడు, ఆఫీసు పేరు చెప్పి బయటికి రప్పిస్తున్నాడు అనుకున్నాను. వచ్చేది సూటు సారని నాకు ఖాయంగా తెలుసు కదా.

"ఆఫీసు పనికి బ్యాటెందుకు బిడ్డా?" అని అమ్మ అడిగింది.

"గది వేరే కథమ్మా. మీ కొడుకును పిలువుండ్రి, నేను మాట్లాడుత."

"మాకు కొడుకు లేడు," అంది అమ్మ.

నన్ను కాపాడటానికే అంది. ఆమె వెనక గోడ మీద నా ఫోటో ఉంది, అమ్మా నేనూ పక్కపక్కనే, నా మెడలో కాలేజీలో ఇచ్చిన మెడల్. సుధాకర్ ఆమెను చూశాడు, ఫోటోను చూశాడు. తిరిగి ఖలీల్ భాయ్ దుకాణం దగ్గరికి పోయి చాయ్ తీసుకుని కూర్చున్నాడు. బెంచీ చివర, నాకోసం ఖాళీగా ఉంచిన జాగాలో. చాయ్ అయిపోయినా చాలాసేపు మా డాబా వైపు చూస్తూ ఉన్నాడు. నాకు మోకాళ్లు తిమ్మిరెక్కాయి. చివరికి ఫోన్‌లో ఏదో నొక్కి, బండెక్కి వెళ్లిపోయాడు.

నేను దిగేసరికి గల్లీలో పండగ. "ఎట్ల జెప్పిన?" అని ఖలీల్ భాయ్. "నా ముందల నువ్వేం జెప్పినవ్, నేను జెప్పింది జూడు" అని యాదమ్మత్త. ఒక్క అమ్మ మాత్రం లోపలికి పోయి, ఫోటోకు అంటని దుమ్ము చీర కొంగుతో తుడిచింది.

తర్వాత నేను సూటు సార్ కోసం ఎదురుచూశాను. రోజూ తల దువ్వుకుని గడపలో కూర్చున్నాను. సూటు రాలేదు, మెయిలు వచ్చింది. మర్యాదగల ఇంగ్లీషు. అభ్యర్థి చెప్పిన చిరునామాలో నివసించడం లేదని తేలింది. చుట్టుపక్కలవాళ్లు అభ్యర్థిని ఎరుగమన్నారు. కుటుంబ సభ్యులు అలాంటి వ్యక్తి లేడన్నారు. కాబట్టి చింతిస్తూ ఉద్యోగం ఉపసంహరించుకుంటున్నాం.

నేను ఊగిపోతూ గల్లీ మొగదలకు పరుగెత్తాను.

"భాయ్! కంపెనీ మనిషి వచ్చిండంట! నేను లేనన్నరంట! ఎవరు చెప్పిండ్రు?"

"తోబా తోబా! మేమెందుకు చెప్తం? సూటు గాదు, బూటు గూడ రాలే ఈ గల్లీలకు."

"మంచిగ యాద్ చేస్కో భాయ్. ఎవరన్న వచ్చిండ్రా?"

ఖలీల్ భాయ్ చాయ్ వడకట్టే జాలీ పట్టుకుని ఆలోచించాడు. యాదమ్మత్త సూది ఆపి ఆలోచించింది.

"గా బ్యాటోడు తప్ప ఎవ్వడు రాలే," అన్నాడు ఖలీల్ భాయ్.

అన్నాక ఆయనే జాలీ కింద పెట్టేశాడు. స్టేషన్‌లోకి రైలొచ్చింది, దుకాణంలో గ్లాసులు గలగలలాడాయి. నాకు అవి నవ్వుతున్నట్టే వినబడ్డాయి.

యాదమ్మత్త ముందు తేరుకుంది. "నేను తక్కువ జేసిన్నా అల్లుడా? నువ్వు బతకాలెనని సచ్చినవన్నట్టు గూడ జెప్తి గద" అని ఏడ్చింది. ఆమెను ఓదార్చే పని కూడా నాకే పడింది. చేరే రోజు దగ్గర పడిందని నా కోసం ముందే కట్టి మా గుమ్మానికి తగిలించిన బంతిపూల దండను ఆ గొడవలో ఎవరూ చూసుకోలేదు. గల్లీ మేక చూసుకుంది. దారంతో సహా తినేసింది. చెప్పాను కదా, బాగుపడ్డది అదొక్కటే.

బాపుకు చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. అంతా విన్నాడు. ముక్కు సంగతి నుంచి మొత్తం.

"రెండేండ్ల కింద పోయి తప్పయిందని అంటే అయిపోతుండె గద రా," అన్నాడు. తిట్టలేదు. రాడ్డు తీసుకుని డ్యూటీకి పోయాడు. ఆ పూట ఆ రాడ్డు ఆయన భుజం మీద బరువుగా కనిపించింది, నడక కూడా నెమ్మదైంది. నేను గడపలో నిలబడి సిగ్గుతో చచ్చిపోయాను. ఇక్కడ ఎగతాళి చేయడానికి నాకు ఏమీ దొరకడం లేదు, ముందుకు పోదాం.

అమ్మ వేరే బాధలో ఉంది. "ఉద్యోగం పోతె పోయింది. నా నోటితోని కొడుకు లేడన్న" అని అదే మాట పదేపదే అనుకుంది. అన్నం పెడుతూ అనుకుంది, గిన్నెలు కడుగుతూ అనుకుంది.

మర్నాడు కిషన్‌బాగ్ పోయాను. బౌలర్ సుధాకర్ అంటే అడిగినవాళ్లంతా ఇల్లు చూపించారు. అక్కడెవరూ అతను పుట్టలేదని అనలేదు. గడపలో కూర్చుని బండి చెయిను తుడుచుకుంటున్నాడు. నన్ను చూసి లేవలేదు.

"రా పుట్టనోడా," అన్నాడు. "దుబాయిల ఎండలు మస్తున్నయా?"

"అన్నా... కొట్టనీకి వచ్చినవనుకున్న."

"నిన్ను కొట్టనీకి బ్యాటెందుకు భాయ్? గీ ఒక్క ఏలు చాలదా?"

"మరి గా బ్యాటు?"

"నీదే గద. చూడాల్సిన ఇండ్ల లిస్టుల నీ పేరు వచ్చింది. మహేశ్, దబీర్‌పురా. రెండేండ్ల సంది మా ఇంట్ల మూలకున్న బ్యాటు మీద గదే పేరు. ఎట్లన్న గాడికే పోతున్న, ఇచ్చొద్దమని తెచ్చిన."

నేను అతని ముక్కు వైపు చూడకుండా ఉండాలని చూశాను. కుదరలేదు.

"చూడు చూడు," అన్నాడు. "అప్పుడు పెద్ద హోటల్ల రిసెప్షన్ నౌకరీ వచ్చింది నాకు. వచ్చేటోళ్లకు నవ్వుకుంట నమస్తే పెట్టేది. మొకం చూసి తీస్కునే నౌకరీ. తెల్లారి జాయినింగ్ ఉండె. గీ ముక్కు గుమ్మడికాయ లెక్కయింది. తగ్గినంక రమ్మన్నరు. తగ్గినంక పోతె గాడ వేరేటోడు నవ్వుతుండు. అప్పటి సంది గిట్ల గల్లీ గల్లీ తిరుగుడు."

నా ఉద్యోగం ఒక్కటే పోయిందనుకుని వచ్చాను. అంతకుముందే ఇంకో ఉద్యోగం పోయి ఉంది. అదీ నా చేతిలోంచి జారిందే.

"తప్పయింది అన్నా," అన్నాను. ఈసారి నోరు వచ్చింది. "అప్పుడే రావాల్సింది. బుగులైంది, భయపడి రాలే."

అతను చెయిను తుడవడం ఆపాడు. "గా మాట కోసమే గద నేను చాయ్ తాగుకుంట కూసున్న. పైన నువ్వున్నవని ఎర్కే నాకు. ట్యాంకు పక్క నుంచి నీ చెప్పు కనపడుతుండె. రిపోర్టుల తలుపుకు తాళం ఉన్నదని పెడితె ఇంకోసారి రావొచ్చు. గట్లనే పెడదమనుకున్న. కానీ మీ అమ్మ నీ ఫోటో ముంగట నిలబడి కొడుకు లేడన్నది. అమ్మతోని గట్ల అనిపిస్తవా? కోపమొచ్చింది. వాళ్లన్నది అన్నట్టు పంపించిన. అబద్ధమైతె రాయలే."

అబద్ధం రాయలేదన్నది నిజమే. అబద్ధాలన్నీ మా గల్లీవే. అతను నా ముందే వాళ్ల ఆఫీసుకు ఫోన్ చేసి, మళ్లీ చూసి వస్తానని బతిమాలాడు. అవతలివాళ్లు ఆ కంపెనీ ఫైలు మూసేసిందన్నారు. నా జాగాలో ఇంకెవరినో తీసుకున్నారట. ఆ ఇంకెవరికో గల్లీలో మంచి పేరు ఉండి ఉండదు.

సుధాకర్ లోపలికి పోయి నా బ్యాటు తెచ్చిచ్చి పక్కన కూర్చున్నాడు. రెండు వంకర బతుకులు, మధ్యలో ఒక బ్యాటు.

"మా ఆఫీసుల పాతబస్తీ తిరిగెటోడు ఒకడు కావాలె," అన్నాడు చివరికి. "బీమా ఆఫీసు లెక్క ఏసీ ఉండదు. ఎండ, వాన, కుక్కలు. చేస్తవా?"

"చేస్తనన్నా."

"నీక్కూడ వెరిఫికేషన్ ఉంటది. నేనే వస్త. ఇంట్ల ఉంటవా?"

ఉన్నాను. ట్యాంకు దరిదాపులకు పోలేదు. ఈసారి సుధాకర్ బండి గల్లీ మొగదలకు రాగానే ఖలీల్ భాయ్ దుకాణం వదిలేసి, "మహేశ్ ఇల్లు ఇటు, మహేశ్ ఇల్లు ఇటు" అని అరుస్తూ ముందు నడిచాడు. యాదమ్మత్త, మహేశ్ పుట్టినప్పుడు మంత్రసాని పక్కన తనే ఉన్నానని అడగకుండానే సాక్ష్యం చెప్పింది. అమ్మ గడపలో నిలబడి ఉంది.

"అమ్మా, మీకు కొడుకున్నడా?" అని సుధాకర్ నవ్వకుండా అడిగాడు.

"ఉన్నడు బిడ్డా," అంది అమ్మ. "గాడిద లెక్క ఉన్నడు." అని సంతకం పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

ఉద్యోగంలో చేరిన రోజు దండ లేదు, లడ్డూలు లేవు. బాపు "జాగ్రత్తగ తిరుగు" అన్నాడు. ఆయన రిటైరైన నాడు రాడ్డు ఎవరికో అప్పగించి చేతులూపుకుంటూ వచ్చాడు. ఆయన కొడుకు ఏసీ గదిలో లేడు, ఎండలో బండి మీద ఉన్నాడు. ఆ సంగతి ఆయన ఎవరితోనూ అనలేదు. నాకు మాత్రం ఆ రోజు కూడా ముద్ద దిగలేదు.

ఇంతటితో అయిపోతే మీకు నా మీద జాలి మాత్రమే మిగిలేది. మిగిలిన ముక్క వినండి.

మొన్న బహదూర్‌పురాలో ఒక కుర్రాడి చిరునామా చూడటానికి పోయాను. కొత్తగా ఉద్యోగం వచ్చిన కుర్రాడు. గల్లీ మొగదల ఇస్త్రీ బండి ఆయనను అడిగితే, నన్ను కింది నుంచి పైదాకా చూసి, "గట్లాంటోడు ఈడ లేడన్నా" అన్నాడు. పక్కింటామె, "ఖాళీ చేసి పోయిండ్రు" అంది. ఇంటి గడపలో ఒకావిడ కొంగు నలుపుతూ నిలబడి, నోరు తెరవబోయింది. ఆమె ఏమనబోతోందో నాకు తెలుసు. గభాలున రెండు చేతులూ జోడించాను.

"అమ్మా, గా మాట అనకు. నీకు దండం పెడ్త. జర ఆగు."

తలెత్తి చూశాను. డాబా మీద నల్లటి నీళ్ల ట్యాంకు. దాని పక్క నుంచి ఒక చెప్పు కనిపిస్తోంది.

"తమ్మీ!" అని గల్లీ దద్దరిల్లేలా అరిచాను. "మోకాళ్లు నొస్తయి, కిందికి దిగు!"

ట్యాంకు వెనక నుంచి ఒక గొంతు వచ్చింది.

"నేను ఇంట్ల లేనన్నా!"

నేను ఆ ఇంటి మెట్ల మీద కూలబడి నవ్వాను. నవ్వుతుంటే ఏడుపొచ్చింది. వాడు ఎవరి ముక్కు పగలగొట్టాడో నేను అడగలేదు. కిందికి దిగాక సంతకం పెట్టించి, ముందు పోయి వాళ్లెవరినో మాఫీ అడిగి రమ్మన్నాను.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, మూలకున్న నా బ్యాటు మీద చెయ్యి పెట్టి, అమ్మ ఎదురుగా, ఖలీల్ భాయ్, యాదమ్మత్త, ఆ బంతిపూల మేక సాక్షిగా ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఎవరు వచ్చి "మహేశ్ ఉన్నాడా?" అని అడిగినా ఉన్నాను అంటాను. చెప్పుతో వచ్చినా ఉన్నాను. కర్రతో వచ్చినా ఉన్నాను. యముడు చిరునామా వెతుక్కుంటూ దున్నపోతు మీద వచ్చినా, ఖలీల్ భాయ్ దయచేసి నోరు మూసుకోవాలి, నేనే గల్లీ మొగదలకు ఎదురెళ్లి, ఉన్నాను సార్, ఇదే ఇల్లు, సంతకం ఎక్కడ పెట్టాలి అని అడుగుతాను.